డ్రాగన్‌కి పేరు పెట్టే హక్కు ఎవరిది?

ఫాంటసీ రాసేవాళ్ళలో చాలామంది డ్రాగన్‌కి పేరు కావాల్సి వచ్చినప్పుడు ముందు శబ్దం కోసం వెతుకుతారు. గరగరలాడే అక్షరాలు రెండు, చివర ఒక 'క్స్' లేదా 'థ్', వీలైతే మధ్యలో ఒక అపాస్ట్రఫీ ('). నోరు ఎంత తిరక్కపోతే పేరు అంత గంభీరంగా ఉన్నట్టు లెక్క. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. పేరంటే ఎవరో ఒకరు, ఇంకొకరిని ఉద్దేశించి, ఏదో ఒక అవసరం కొద్దీ పలికిన మాట. పలికినవాళ్ళు ఎవరో తెలియని పేరు కాగితం మీద ఎంత భయంకరంగా కనిపించినా, దాన్ని ఆ లోకంలో ఎవరూ ఎప్పుడూ వాడలేదన్న సంగతి పాఠకుడికి తెలిసిపోతుంది.

నేను చిన్నప్పటి నుంచి డ్రాగన్ల కథలు చదువుతున్నాను. కొన్నేళ్ళుగా నాదంటూ ఒక లోకాన్ని రాసుకుంటున్నాను కూడా. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి పట్టింపు ఉంది. డ్రాగన్‌కి పేరు పెట్టే హక్కు ఎవరికి ఉంది, ఆ పేరు ఎవరు పలకొచ్చు, ఎవరు పలకకూడదు, అది చచ్చాక ఆ పేరు ఏమవుతుంది? ముందు ఈ ఆచారం తేలాలి. అది తేలితే శబ్దం దాని వెనకాలే వస్తుంది.

అసలు పేరే లేని డ్రాగన్‌తో మొదలుపెడతాను. పాత ఇంగ్లీషు కావ్యం 'బేవుల్ఫ్'లో చివరి పోరాటం ఒక డ్రాగన్‌తోనే. మూడు వందల ఏళ్ళుగా నిధి మీద కాపలా పడుకున్న ప్రాణి అది. ఎవడో ఒక పాత్ర దొంగిలించేసరికి లేచి ఊళ్ళు తగలబెడుతుంది, చివరికి రాజు ప్రాణం తీసి తనూ చస్తుంది. కథని ముగించే అంత పెద్ద పాత్రకి కావ్యంలో పేరు లేదు. కానీ దాని తల మీద పడి విరిగిపోయిన కత్తికి ఉంది, నేగ్లింగ్ అని. అంతకు ముందు ఇంకో పోరాటంలో వాడిన కత్తికీ ఉంది, హ్రుంటింగ్ అని. కత్తి చేతులు మారుతుంది, కొలువులో దాన్ని పొగుడుతారు, తండ్రి కొడుక్కి ఇస్తాడు. అలా మనుషుల మధ్య తిరిగేదానికి పేరు అవసరమవుతుంది. ఆ డ్రాగన్‌తో మాట్లాడినవాళ్ళు లేరు, మూడు వందల ఏళ్ళలో దాన్ని పిలవాల్సిన పని ఎవరికీ రాలేదు. ఆ లోకపు ఆచారం ప్రకారం దానికి పేరు లేకపోవడమే సరైనది. పేరు పెట్టి ఉంటే దాని ఒంటరితనం తగ్గిపోయేది.

పేరు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది, భయం. దీనికి డ్రాగన్ల దాకా వెళ్ళక్కర్లేదు, ఎలుగుబంటి చాలు. సంస్కృతంలో ఋక్షం, గ్రీకులో ఆర్క్‌టోస్, లాటిన్‌లో ఉర్సుస్. ఇవన్నీ ఒకే పాత మాట నుంచి పుట్టాయి. ఎలుగుబంట్లు తిరిగే ఉత్తరాది అడవుల్లోని జనాల భాషల్లో మాత్రం ఆ మాట మాయమైంది. రష్యన్‌లో దాన్ని 'మెద్వేద్' అంటారు, తేనె తినేది అని. ఇంగ్లీషు 'బేర్' వెనక గోధుమరంగుది అనే అర్థం ఉందని చాలామంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. అసలు పేరు పలికితే వచ్చేస్తుందేమో అన్న భయంతో చాటుపేర్లతో సరిపెట్టుకున్నారని, చివరికి చాటుపేరే అసలు పేరై కూర్చుందని వాళ్ళ వివరణ. ఎలుగుబంటికే అంత జంకితే, ఊరంతటినీ ఒక్క ఊపిరితో కాల్చేసేదాని పక్కన బతికేవాళ్ళు ఇంకెంత జాగ్రత్తగా ఉంటారు?

అందుకే నా లోకంలో డ్రాగన్ కొండ కింద ఉన్న పల్లెల్లో దానికి పేరు లేదు. "పెద్దాయన లేచినట్టున్నాడు, పిల్లల్ని లోపలికి పిలవండి" అంటారు. 'అది' అనే మాట అక్కడ ఎవరి నోటా రాదు. నాలుగు రోజుల ప్రయాణం దూరంలో ఉన్న పట్నంలో మాత్రం అదే డ్రాగన్‌కి మూడు బిరుదులతో కూడిన పొడుగాటి పేరుంది, పాటలున్నాయి. పేరు ఘనంగా ఉందంటే పలికేవాడు దూరంగా ఉన్నాడని అర్థం. ఇదొక్కటి పట్టుకున్నా, ఏ పాత్ర ఎక్కడి నుంచి వచ్చిందో పరిచయం చేయకుండానే చెప్పొచ్చు. పల్లెవాడు పట్నానికి వెళ్ళి, అక్కడ నడివీధిలో ఆ పేరు గట్టిగా పాడుతుంటే విని వణికిపోయే సన్నివేశం ఊహించుకోండి. ఆ వణుకు వల్ల ఆ లోకం నమ్మదగ్గది అవుతుంది.

ఇవన్నీ మనుషులు పెట్టుకున్న పేర్లు. డ్రాగన్ తనకి తాను ఏమని పేరు పెట్టుకుంటుంది?

చాలా లోకాలు జారేది ఇక్కడే. డ్రాగన్ స్వయంగా చెప్పుకునే పేరు కూడా మనిషి నోటికి కొలతలు తీసి కుట్టినట్టు ఉంటుంది. డ్రాగన్ దవడ ఊహించుకోండి. మొసలికి ఉన్నట్టే కదలని అంచులు, బయటికి కనిపించే పళ్ళు. ముడుచుకునే పెదవులు లేవు. పెదవులు లేని నోటితో ప, ఫ, బ, భ, మ ఎలా పలుకుతుంది? మన వర్ణమాల ఈ విషయంలో పెద్ద సాయం. ఏ అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో కంఠ్యాలు, తాలవ్యాలు, ఓష్ఠ్యాలు అంటూ వరసగా పేర్చి పెట్టింది. పెదవులతో పలికే ఓష్ఠ్యాల వరస తీసేయండి, పెదవులు గుండ్రంగా చుట్టాల్సిన ఉ, ఊ, ఒ, ఓలు తీసేయండి, పళ్ళూ పెదవీ కలిస్తే వచ్చే 'వ' తీసేయండి. మిగిలినవాటిలోంచి పేరు కట్టండి. ఇది మన సాహిత్యానికి కొత్త కాదు. దండి 'దశకుమార చరిత్ర'లో మంత్రగుప్తుడు తన కథంతా ఓష్ఠ్యాలు లేకుండా చెబుతాడు, ప్రియురాలి వల్ల పెదవి గాయపడి ఉంటుంది కాబట్టి. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు రామకథ మొత్తాన్ని నిరోష్ఠ్యంగా రాశాడు. రాముడి కథలో 'రామ' అనడానికి వీల్లేదు, ఆలోచించండి! అందుకే ఆ కావ్యం పేరు 'దశరథరాజనందన చరిత్ర'. ఆ నియమానికి లోబడి కవి ఎన్ని కొత్త దారులు తొక్కాల్సి వచ్చిందో, డ్రాగన్ భాష కూడా అన్ని కొత్త దారులు తొక్కుతుంది.

చిలక్కి పెదవులు లేవు, అయినా 'మామా' అంటుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. పక్షులు గొంతు అడుగున ఉండే వేరే అవయవంతో ధ్వని పుట్టిస్తాయి. నీ డ్రాగన్ పక్షి వంశమా, మొసలి వంశమా అన్నది నువ్వే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక ఆ మాట మీద నిలబడాలి. నాది మొసలి వంశం. మొసలికి దగ్గరి చుట్టమైన మగ ఎలిగేటర్ జతని పిలుస్తూ గర్జించేటప్పుడు మనిషి చెవికి అందని 20 హెర్ట్జ్ లోపు ధ్వని కూడా వెలువడుతుంది. దాని వీపు మీద నీళ్ళు చినుకులు పడుతున్నట్టు ఎగిరెగిరి పడతాయి. అంతకు ఎన్నో రెట్లు పెద్ద ప్రాణి తన పేరు చెబితే మనకి చెవికంటే ముందు పక్కటెముకలకి తెలుస్తుంది. కాబట్టి నా కథలో మనుషులు డ్రాగన్ పేరని రాసుకున్నది ఆ పేరులో వినిపించిన ముక్క మాత్రమే. ఇద్దరు డ్రాగన్ల పేర్లు మనుషుల పుస్తకాల్లో ఒకటే అయి, పెద్ద గందరగోళానికి దారితీస్తాయి. తేడా అంతా వినపడని భాగంలో ఉంది మరి.

జంతువుల్లో పేర్లు కల్పన కాదు కూడా. బాటిల్‌నోస్ డాల్ఫిన్ పుట్టిన మొదటి ఏడాదిలోపే తనకంటూ ఒక ఈల తయారు చేసుకుంటుంది. తోటి డాల్ఫిన్లు ఆ ఈలని అనుకరించి పిలిస్తే బదులిస్తుంది. 20 ఏళ్ళకు పైగా దూరంగా ఉన్న పాత సహచరుల ఈలని కూడా గుర్తుపట్టాయని 2013లో ఒక పరిశోధన తేల్చింది. వెనెజువెలాలో ఒక రకం చిన్న చిలకలు ఉన్నాయి. వాటిలో తల్లిదండ్రులే గూట్లోని పిల్లలకి పిలుపులు నేర్పుతాయి. గుడ్లు మార్చి వేరే గూట్లో పెడితే పిల్లలు పెంచినవాళ్ళ పిలుపునే పోలిన పిలుపు తెచ్చుకున్నాయి. రెండూ పూర్తిగా వేరు వేరు ఆచారాలు. ఒకటి తన పేరు తానే కట్టుకునే జాతి, ఇంకొకటి పెంచినవాళ్ళ దగ్గర పేరు అందుకునే జాతి. మీ డ్రాగన్ గుడ్డు పెట్టి వదిలేసి వెళ్ళిపోతుందా, పిల్లల్ని దగ్గర పెట్టుకుని సాకుతుందా? వదిలేసి వెళ్ళే జాతిలో వంశనామాలు ఉండటానికి వీల్లేదు, నేర్పేవాళ్ళు ఎవరున్నారని? సాకే జాతిలో గుడ్డు దొంగతనం అనేది పేరు దొంగతనం కూడా అవుతుంది.

ఇక మనిషి డ్రాగన్ మీద ఎక్కి తిరిగే కథలు. పిల్ల గుడ్డులోంచి బయటికి రాగానే రౌతు దాన్ని చూసి ఒక ముద్దుపేరు పెట్టేస్తాడు, అది సంతోషంగా తల ఊపుతుంది. నాకు ఈ సన్నివేశం ఎప్పుడు చదివినా మనసు ఒప్పుకోదు. వెయ్యేళ్ళు బతికే ప్రాణికి అరవై ఏళ్ళు బతికేవాడు తన సరదా కొద్దీ పేరు పెడితే, ఆ మనిషి పోయాక మిగిలిన తొమ్మిది వందల పైచిలుకు ఏళ్ళు అది ఆ పేరుతోనే తిరగాలా? పెంపుడు జంతువుకి పెట్టినట్టు పెట్టదలిస్తే పెట్టండి, కానీ అది ఆ ప్రాణిని సొంతం చేసుకోవడమని కథకి తెలిసి ఉండాలి. రచయిత్రి ఆన్ మెకాఫ్రీ రాసిన పెర్న్ కథల్లో దీన్ని తిరగేసిన పద్ధతి చూసి నాకు చాలా గౌరవం కలిగింది. అక్కడ డ్రాగన్ పిల్ల తన పేరు తనకి తెలిసే పుడుతుంది. తను ఎంచుకున్న మనిషి మనసులో ఆ పేరు తానే చెబుతుంది. ఆ బంధం కుదిరాక మగ రౌతుల పేర్లు కుదించుకుపోయి మధ్యలో అపాస్ట్రఫీ వచ్చి చేరుతుంది. అంటే పేరు మారేది మనిషికి. ఆ అపాస్ట్రఫీ ఊరికే అలంకారానికి పెట్టింది కాదు, దాని వెనక ఒక ఆచారం ఉంది. దాన్ని చూసి ఆచారం వదిలేసి గుర్తు మాత్రం తీసుకున్నవాళ్ళే ఎక్కువ.

వయసు సంగతి ఇంకొంచెం చెప్పాలి. దీర్ఘాయువు అంటే పేరు మీద పడే ఒత్తిడి మామూలుగా ఉండదు. వెయ్యేళ్ళలో మనుషుల భాష గుర్తుపట్టలేనంత మారిపోతుంది. బేవుల్ఫ్ కావ్యాన్ని ఈనాటి ఇంగ్లీషువాళ్ళు నేర్చుకోకుండా చదవలేరు. కాబట్టి ఒక డ్రాగన్‌కి వెయ్యేళ్ళ క్రితం మనుషులు పెట్టిన పేరు ఇప్పటి జనం నోట అరిగిపోయి, సగం అక్షరాలు రాలిపోయి ఉండాలి. డ్రాగన్ మాత్రం దాన్ని ఇంకా పాత పద్ధతిలోనే పలుకుతుంది. తన పేరు విన్నప్పుడల్లా దానికి అది తప్పుగానే వినపడుతుంది. ఆ తప్పుని అది భరిస్తుందా, దిద్దుతుందా, దిద్దడానికి ఎంతమందిని కాల్చింది, ఇవన్నీ ఆ ప్రాణి స్వభావాన్ని చెప్పే విషయాలు. పండితుడు ఒకడు పాత ఉచ్చారణ నేర్చుకుని వెళ్ళి సరిగ్గా పిలిస్తే, ఎన్నో తరాల తర్వాత అది మొదటిసారి తల తిప్పి చూస్తుంది. నా కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం అదే.

ఉచ్చారణ మాటకొస్తే వృత్రుడి కథ కంటే మించిన ఉదాహరణ నాకు ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు. ఋగ్వేదంలో వృత్రుడు నీళ్ళని కమ్మేసి ఆపిన మహాసర్పం, అసలు సిసలు డ్రాగన్. కొడుకుని చంపిన ఇంద్రుడి మీద పగతో దేవశిల్పి త్వష్ట వృత్రుణ్ణి పుట్టించే యజ్ఞం చేసి, 'ఇంద్రశత్రువు' వర్ధిల్లాలి అంటాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు అని అతని ఉద్దేశం. కానీ స్వరం తప్పింది. ఊనిక చివరి అక్షరం మీద ఉండాల్సింది మొదట్లో పడింది. దాంతో అది ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు, అంటే ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అనే సమాసం అయిపోయింది. అక్షరాల్లో ఏ మార్పూ లేదు. ఉచ్చారణ తప్పితే ఏమవుతుందో చెప్పడానికి శిక్షా గ్రంథం, వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్పడానికి పతంజలి మహాభాష్యం ఈ ఉదాహరణనే తీసుకున్నాయి. డ్రాగన్ పుట్టకముందే దాని చావు దాని పిలుపులో చేరిపోయింది! నామకరణం ఇంత ప్రమాదకరమైన పని అయిన లోకంలో పేరు పెట్టేటప్పుడు ఎంతమంది సాక్షులుంటారు, ఎన్నిసార్లు వల్లె వేస్తారు, తడబడినవాడిని ఏం చేస్తారు? ఒక్క ఆచారం చుట్టూ పురోహిత వర్గం మొత్తం పుట్టుకొస్తుంది.

అసలు పేరు తెలిస్తే డ్రాగన్ లొంగిపోతుంది అనే సూత్రం ఫాంటసీలో బాగా నలిగిపోయింది. సూత్రం తప్పని నేను అనను, దాన్ని ఒకవైపే వాడటం తప్పు. ఉత్తర ఐరోపాకి చెందిన నార్స్ గాథల్లో సిగుర్డ్ అనే వీరుడు పొడిచిన పోటుకి ఫాఫ్నిర్ అనే డ్రాగన్ చనిపోతూ, "నువ్వు ఎవడివి?" అని అడుగుతాడు. సిగుర్డ్ వెంటనే పేరు చెప్పడు. చావబోయేవాడు శత్రువుని పేరు పెట్టి శపిస్తే ఆ శాపం తగులుతుందని అప్పటి నమ్మకం. ఇక్కడ పేరు దాచుకోవాల్సింది మనిషి. పేరు ఆయుధమైతే అది ఇద్దరి చేతుల్లోనూ ఆయుధమే. మన సర్పయాగం కూడా అంతే. పేరు పేరునా పిలుస్తుంటే పాములు వచ్చి హోమంలో పడతాయి. తక్షకుడు ఇంద్రుడి చాటున దాక్కుంటే, ఇంద్రుణ్ణి కూడా కలిపి పిలుస్తారు. ఆశ్రయం ఇచ్చినవాడు కూడా ఆ పిలుపులో చిక్కుకుంటాడు. భారతం అక్కడ ఆహుతైన పాముల పేర్లని వాసుకి వంశం, తక్షకుడి వంశం, ఐరావతుడి వంశం అంటూ వరసగా చెబుతుంది. చదువుతుంటే ఒక జాతి మొత్తం మరణ వార్తలు వింటున్నట్టే ఉంటుంది. పేర్లు చెప్పకుండా వేల పాములు చచ్చాయని ఒక్క మాటలో తేల్చేసి ఉంటే ఆ బరువు ఉండేది కాదు.

రాజ్యం పెట్టే పేర్ల గురించి కొద్దిగా. చైనా కథల్లో నాలుగు సముద్రాల డ్రాగన్ రాజులకీ 'ఆవ్' అనే ఒకే ఇంటిపేరు ఉంటుంది. వాళ్ళు స్వర్గపు పాలనా వ్యవస్థలో పదవులున్నవాళ్ళు కాబట్టి అది చక్కగా సరిపోతుంది. పాలకుల లెక్కల పుస్తకంలో డ్రాగన్లు ఎలా ఉంటాయో ఊహించడానికి తుపానుల పద్ధతి కూడా పనికొస్తుంది. అట్లాంటిక్ తుపానులకి ఆరు జాబితాలు ముందే సిద్ధంగా ఉంటాయి, ఆరేళ్ళకోసారి అవే తిరిగి వస్తాయి. ఘోరమైన నష్టం చేసిన తుపాను పేరుని మాత్రం శాశ్వతంగా తీసేస్తారు. 2005 నాటి కత్రినా పేరు అలాగే పోయింది. ఏ డ్రాగన్ దాడి చేసినా వరసలో ఉన్న తర్వాతి పేరు రాసుకునే గుమాస్తా, ఏ పేరు కొట్టేయాలో వాదించుకునే సభ... ఇందులో మంచి కథే ఉంది, కానీ నా మనసు అటు పోలేదు.

నా మనసంతా చావు దగ్గర ఉంది. డ్రాగన్ పోయాక ఆ పేరు ఎవరిది? వృత్రుణ్ణి చంపిన ఇంద్రుడు వృత్రహంత అయ్యాడు. చచ్చినవాడి పేరు చంపినవాడి పేరులో శాశ్వతంగా ఉండిపోయింది. మామూలుగా దీన్ని బిరుదుగా చూస్తారు. నా లోకంలో మాత్రం దీన్ని బాధ్యతగా మార్చాను. డ్రాగన్‌ని చంపినవాడు దాని పేరు మోయాలి. బిరుదుగా చెప్పుకుని తిరగడానికి కుదరదు, ఆ పేరుతో పిలిస్తే పలకాలి. ఆ డ్రాగన్ పిల్లలు, తోబుట్టువులు ఎప్పుడైనా వచ్చి కొండ మీద నుంచి ఆ పేరు పిలిస్తే, ఇంటి దగ్గర ఏ పని ఉన్నా, వయసు ఎంత మీద పడినా, వాడు బయటికి వెళ్ళి నిలబడాలి. వాళ్ళు కొన్నిసార్లు చంపడానికి పిలుస్తారు. ఎక్కువసార్లు అడగడానికి పిలుస్తారు, అది చివరికి ఏమంది, ఏ వైపు తిరిగి పడింది అని. వాడు పోతే పెద్ద కొడుకు పలకాలి, కొడుకు లేకపోతే కూతురు.

ఈ నియమం రాసుకున్న రోజు నుంచి నా కథలో డ్రాగన్‌ని చంపడానికి ఎవరూ తొందరపడటం లేదు. కత్తి ఎత్తేముందు ప్రతి ఒక్కడూ దాని పేరు అడుగుతున్నాడు, ఆ పేరు తన నోటికి, తన పిల్లల నోటికి తిరుగుతుందో లేదో ఒకసారి పలికి చూసుకుంటున్నాడు.